మడమ

చూపుడువేలి కింద ఒక్కో అక్షరం జరుపుకుంటూ ఒకటో పాఠం పదకొండోసారి చదువుతోంది ఆమె. బడి వదిలి ఈ పాఠ్యపుస్తకాల కార్యాలయానికొచ్చి ముప్పై ఏళ్ళయినా అందరికీ పంతులమ్మే. రాష్ట్రంలో ప్రతి బడిలోనూ పిల్లలూ, కొత్తగా చదువు మొదలుపెట్టిన పెద్దలూ మొట్టమొదట పట్టుకునే పుస్తకం ఆమె బల్ల మీదే తయారవుతుంది. ఈసారి అందులో అ, ఆలు ముందు లేవు. నోట రోజూ ఆడే మాటలు ముందు. ఇవాళ ఐదింటికి రాతప్రతి అచ్చుకు పోవాలి. అదే ఐదింటితో ఆమె ఉద్యోగ విరమణ కూడా.

"ఇంకా ఏం చూస్తారండీ, కళ్ళు కాయలు కాసేలా?" అన్నాడు గుమాస్తా.

"మనం చూస్తే చాలదు బాబూ. చదువు రానివాళ్ళు చూడాలి."

గదులూడ్చే ఆయమ్మను పిలిచింది. నెల్లాళ్ళుగా మధ్యాహ్నాలు ఆమెకు ఈ పాఠంలోని అక్షరాలే చెబుతోంది. ఆయమ్మ చీపురు గోడకానించి, చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది.

"పడవ... పలక..." పాదం బొమ్మ పక్కనున్న మాట దగ్గర కాస్త ఆగి, "యడమ" అంది.

గుమాస్తా పకపక నవ్వాడు. "తప్పు!"

"తప్పేంటి? ఆ బొమ్మ యడమకాలేగా! కళ్ళు నాకు లేవా, మీకు లేవా?"

అక్కడున్నది 'మడమ'. ఆయమ్మ విసురుగా చీపురందుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. పంతులమ్మ బొమ్మను చూసింది. నిజమే, ఎడమకాలే. మ, య కవలపిల్లల్లాంటివి. రెంటినీ ఒకే పాఠంలో కూర్చోబెట్టింది తనే. చిన్నప్పుడు ఇలాంటి పొరపాటుకే అయ్యవారు చెవి మెలేశారు. తప్పు చదివినవాళ్ళు మొద్దులు కారనీ, ఏదో దారిన నడిచే అక్కడికి చేరతారనీ ఆ మంటలోనే తోచింది. ఆ దారులు వెతకడంలోనే బతుకు గడిచింది. పెళ్ళి మాట మరిచేపోయింది; అదొక వెలితనీ ఎప్పుడూ అనిపించలేదు.

"య-ని ఏడో పాఠానికి పంపేద్దాం. బొమ్మ తీసేద్దాం."

"ఇప్పుడా! ఆరు పాఠాల్లో మాటలు మార్చాలి. మన ఆఫీసు పెద్దాయన నన్ను నమిలి మింగుతాడు."

"మింగితే నన్ను మింగాలి. ఐదు దాటితే నేనూ దొరకను."

ఐదుకు పది నిమిషాలుందనగా ఆయమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పాఠంలో బొమ్మా లేదు, య కూడా లేదు.

"మ... డ... మ." తన కాలు వెనక్కి తిప్పి చూసుకుంది. "ఓహో, ఈ పగుళ్ళొచ్చేదా! దీనికీ అక్షరాలున్నాయా?"

పంతులమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. రాతప్రతిని గుమాస్తా చేతిలో పెట్టి, ఆయమ్మ భుజం తట్టి, రోజూ దిగినట్టే మెట్లు దిగి వెళ్ళిపోయింది. పుస్తకం మీద ఆమె పేరుండదు, ఏనాడూ లేదు.

బల్ల మీద తుడిచిన నలుసుల మధ్య, అరిగి అరిగి గోరంతైన రబ్బరుముక్క మిగిలింది.