చల్లారనివ్వని కారు

కుట్టుపని చేసే ఆవిడ డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ కారు పది గజాలు కూడా పోకుండానే దగ్గి, గింజుకుని, ఆగిపోయింది. "క్లచ్ మీద కాలు నిలవడం లేదు" అని పరీక్షాధికారి కాగితం మీద రాసిచ్చాడు. ఆవిడ మాత్రం తప్పు ఇంజనుదేనంది. చల్లగా ఉన్నప్పుడు అది మూలుగుతుందనీ, వేడెక్కాక ఏమీ ఎరగనట్టు నడుస్తుందనీ ఇంట్లో వాళ్లకు చెప్పి చూసింది.

"ఆడలేక మద్దెల ఓడనడం అంటే ఇదే," అన్నాడు అన్నయ్య. కారు ఆయనది. పదకొండేళ్లుగా రోజూ తుడుస్తున్నాడు. దాన్ని ఒక్క మాట అననివ్వడు.

మూడో పరీక్ష గురువారం ఉదయం ఏడింటికి. అదీ తప్పితే ఏడాది దాకా మళ్లీ రానివ్వరు. ఆవిడకేమో ఆసుపత్రి వాళ్ల తెల్లకోట్లు కుట్టే పని కొత్తగా దొరికింది. మూటలు తనే చేరవేయాలన్నది వాళ్ల షరతు. ఏడాది ఆగితే ఆ పని ఇంకొకరి పాలవుతుంది.

అందుకని సోమవారం మెకానిక్కు కబురు పెట్టింది. వీధిలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఏ ఇంజనైనా ముందు చెవితో విన్నాకే స్పానరు పడతాడు.

"జ్వరం ఉన్నప్పుడు చూపిస్తేనే కదమ్మా డాక్టరుకు తెలిసేది," అన్నాడాయన. "రేపు పొద్దున నేనే వస్తా. అప్పటిదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దు."

మంగళవారం పొద్దున ఆయన వచ్చేసరికి కారు కడిగించుకుని, తుడిపించుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు గేటు ముందు ఉంది. మేస్త్రి బానెట్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఇంత వేడిగా ఉందేంటి సార్?"

"మీరొస్తున్నారని ఇరవై నిమిషాలు తిప్పి తెచ్చానండీ," అన్నాడు అన్నయ్య. "బయటివాళ్లు వస్తుంటే ఇల్లు సర్దుకోమూ? ఉన్నదున్నట్టు ఎలా చూపిస్తాం?"

ఇంజను వెన్నలా నడిచింది. అన్నయ్య చెల్లెలి వైపు చూసిన చూపులో కాస్త జాలి కూడా ఉంది. ఎగతాళి కన్నా ఆ జాలే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ సాయంత్రం తాళంచెవి తీసి సూదుల డబ్బాలో దాచేసింది.

బుధవారం పొద్దున మేస్త్రిని వెంటబెట్టుకుని షెడ్డు తలుపు తీస్తే, కారు మీద రెండు కంబళ్లు కప్పి ఉన్నాయి. కంబళ్లు లాగి, బానెట్ ఎత్తి చూస్తే ఇంజను మీద తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సంచి.

"అమ్మా, ఇది నీ పనేనా?"

"చల్లగా ఉంటే దానికి పడట్లేదని నువ్వేగా అన్నావు," అంది అమ్మ. "నోరులేనిది, పాపం. బానెట్ మీ అన్నయ్య ఎత్తిచ్చాడు. తాళంచెవి జోలికి మాత్రం పోలేదే, నీ మాట దాటలేదు."

మేస్త్రి సంచిని ఒకసారి నొక్కి చూశాడు. "దీనివల్ల ఇంజను ఎంత వేడెక్కుతుందో నాకు తెలీదు. నా సర్వీసులో ఇదే మొదటిసారి. మూడింటికి వస్తా. ఈలోపు చల్లారనివ్వండి."

ఆవిడ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. పదింటికి అన్నయ్య గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"దుమ్మొక్కటి దులిపి పోతాను."

"దుమ్ము కూడా చల్లారాలి. వెళ్లు."

మధ్యాహ్నం ఎండ తిరిగి నేరుగా బానెట్ మీద పడింది. చేసేది లేక ఆవిడ తాడు కట్టి, కుట్టడం అయిపోయిన పద్దెనిమిది తెల్లకోట్లు దాని మీద వేలాడదీసింది. దారిన పోయేవాళ్లకు డాక్టర్లందరూ కారు చుట్టూ మూగినట్టు కనిపించింది. ఒకాయన ఆగి, "ఎలా ఉంది?" అని అడిగి మరీ వెళ్లాడు.

మూడింటికి మేస్త్రి వచ్చి తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, వణికింది, కుంటి గుర్రంలా టకటకమంటూ షెడ్డంతా అదరగొట్టింది. అంత వికారమైన చప్పుడు విని ఆవిడ కళ్లు ఆనందంతో చెమర్చాయి.

"ఎప్పుడూ ఇలా చెయ్యదండీ," అన్నాడు అన్నయ్య, తల వంచుకుని.

మేస్త్రి ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే లాగి, మళ్లీ పెట్టాడు. మొదటిది లాగితే ఇంజను ఇంకా నీరసించింది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది లాగితే చప్పుడులో ఏ మార్పూ లేదు.

"వీడు జీతం తీసుకుంటూ పని ఎగ్గొడుతున్నాడు," అని ఇంజను ఆపి, ఆ ప్లగ్గు విప్పి చూపించాడు. తడిసి ఉంది. "రేడియేటర్ నీళ్లు. అవి లోపలికి దిగకుండా అడ్డుండే గాస్కెట్ సన్నగా చీలింది. బండి ఆగి ఉన్నప్పుడు చుక్కచుక్కగా దిగుతాయి. వేడెక్కితే లోహం ఉబ్బి ఆ సందు మూసుకుంటుంది. మార్చడానికి వారం పడుతుంది. రేపటికి నీళ్లు నింపి, బాగా వేడిచేసి తీసుకెళ్లండి, ఇబ్బంది ఉండదు."

అన్నయ్య గడప మీద కూలబడ్డాడు. "తప్పు నాదే చెల్లీ. అనవసరంగా నీ కాలికి వంక పెట్టాను."

ఆవిడకు కావలసిన మాట అదే. మేస్త్రి ప్లగ్గు బిగించి, ఇంజను బాగా వేడెక్కేదాకా ఉంచి, "ఒక చుట్టు తిరిగొద్దాం. మీరే నడపండమ్మా," అన్నాడు.

ఆవిడ దర్జాగా కూర్చుంది. ఇంజను వెన్నలా తిరుగుతోంది. క్లచ్ వదిలింది. కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ ఆగింది.

"ఇప్పుడు ఇంజను వేడిగానే ఉందమ్మా," అన్నాడు మేస్త్రి, మెల్లగా.

"తెలుసు."

గేటు దగ్గర్నుంచి అన్నయ్య కేకేశాడు. "ఏమైంది?"

"నేనే ఆపమన్నాను సార్. బ్రేకులు చూస్తున్నాం," అని జవాబిచ్చి, మేస్త్రి కిందికి చూశాడు. ఆవిడ ఎడమ పాదం పెడల్ మీద మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు అని ఆడుతూనే ఉంది.

"ఎన్నేళ్లుగా కుడుతున్నారు?"

"ఇరవై రెండేళ్లు."

"అదీ సంగతి. క్లచ్‌ను మిషను తొక్కినట్టు తొక్కుతున్నారు. ఒక్కసారి నొక్కి, నిద్రపోయే పిల్లాడి మీంచి చెయ్యి తీసినంత నెమ్మదిగా వదలాలి."

ఆవిడ చెప్పు విప్పి, పరువు తీసిన చుట్టాన్ని చూసినట్టు తన పాదాన్ని చూసుకుంది. తర్వాత తాళం తిప్పింది. ఈసారి కారు ఒక్క కుదుపుతో కదిలింది. వీధి చివర మాత్రం ఆగిపోయింది. రెండో చుట్టులో రెండు చోట్ల ఆగింది. అయిదో చుట్టులో ఒక్కచోటే ఆగింది.

ఆరో చుట్టులో గేటు ముందు నుంచి పోతుంటే అన్నయ్య అడిగాడు, "బ్రేకులు ఎలా ఉన్నాయి?"

"ఇంకా చూస్తున్నాం," అంది ఆవిడ, కాలి మీద నుంచి ధ్యాస మరల్చకుండా.