గోడమేస్త్రి గ్రేడరు

గోడమేస్త్రికి గోడ కట్టడం రాదు. అతను చేసేది మెకానిక్కు పని. తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లు, నీళ్ళ మోటార్లు, మొరాయించిన యంత్రం ఏదైనా చివరికి అతని కొట్టం ముందుకే వస్తుంది. మరి ఆ పేరెలా వచ్చిందంటే, పన్నెండేళ్ళ కిందట ఎవరికో ట్రాలీ కావలసి వచ్చింది. నెల్లాళ్ళు కొట్టంలో కూర్చుని ముచ్చటైన ట్రాలీ చేశాడు. తీరా బయటికి తీద్దామంటే అది లోపల తిరగలేదు. కొట్టం సన్నం, తలుపు పక్క గోడకు. ముందుకు తోస్తే ముందు గోడ, వెనక్కి లాగితే వెనక గోడ. చేసేది లేక గోడ పడగొట్టి ట్రాలీ తీశాడు. ఆ గోడను మళ్ళీ తనే కట్టుకున్నాడు. అది కాస్త ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఇప్పటికీ వంకరగానే ఉంది.

పేరు చొక్కా లాంటిది కాదు, నచ్చలేదని విప్పి పారేయడానికి. అతను ఆనాటినుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు కొట్టం కొలుస్తాడు. ఏడడుగులు దాటిన వస్తువు అందులో తిరగదు. కాబట్టి ఏడడుగులు దాటిన వస్తువు అతను చేయడు.

ఈసారి పని ఎవరో తెచ్చిచ్చింది కాదు. అతని భార్యకు వెన్నులో ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి తారురోడ్డు పక్కనున్న ఆమె తమ్ముడింటి దాకా తెచ్చారు. అక్కడినుంచి సొంతింటికి రెండు కిలోమీటర్ల మట్టిదారి. ఆ దారి దగ్గరే ఆగిపోయింది కథ.

"ఆర్నెల్లు ఒక్క కుదుపు కూడా తగలకూడదు. తగిలిందంటే మళ్ళీ కత్తి కిందికే," అన్నాడు డాక్టరు.

ఆ దారేమో కుదుపులకు పుట్టిల్లు. రెండు పక్కలా రాతికట్టలు, మధ్య ఒక బండి పట్టేంత చోటు. చక్రాల చాళ్ళు ఒక ఎత్తు, జానెడుకొకటి చొప్పున అడ్డంగా లేచిన మిట్టలు ఒక ఎత్తు. దాని మీద వ్యానులో వెళుతూ మాట్లాడితే మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. అతను రోడ్ల ఆఫీసుకు వెళ్ళి అడిగాడు. అక్కడి పెద్దమనిషి అంతా విని, "దారి చదునుచేసే మా గ్రేడరు మీ సందులో దూరితే మళ్ళీ బయటికి రాదయ్యా. అయినా వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు. ఈ ఏడు బయటికి రానిది వచ్చే ఏడు ఎలా వస్తుందో చెప్పలేదు.

భార్యను చూడటానికి రోజూ సాయంత్రం సైకిలు మీద వెళ్ళేవాడు. ఆమె వెల్లకిలా పడుకుని పైకప్పుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది.

"ఇక్కడ నాకేం లోటు లేదయ్యా. అదే నా బాధ. మంచినీళ్ళు కూడా మరదలే నోటికందిస్తోంది. ఇంకో నాలుగు నెలలు ఇలాగే ఉంటే నా ఇంటికి నేను చుట్టాన్నైపోతాను."

"మంచం మీదే మోసుకెళ్దామక్కా, నలుగురం పడితే ఎంతసేపు?" అన్నాడు తమ్ముడు. అతను వడ్రంగి. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు ముక్క ఉంటుంది.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది కదరా. దానికి తొందరేంటి?" అంది ఆమె.

తమ్ముడు నవ్వాడు. భర్త నవ్వలేదు. లేచి సైకిలెక్కాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టం వెనక గడ్డిలో పడి ఉన్న రెండు పాత తోట ట్రాక్టర్లను తాడేసి ముందుకు లాగాడు. ఒకదాని మీద చెట్టు పడి ముందు భాగం నుజ్జయింది, ఇంజను మాత్రం గట్టిది. రెండోదాని ఇంజను పగిలింది, ముందు చక్రాలూ స్టీరింగూ బాగున్నాయి. గుండె ఉన్నదానికి కాళ్ళు లేవు, కాళ్ళున్నదానికి గుండె లేదు. రెండింటినీ కలిపి ఒక చిన్న గ్రేడరు చేయాలనుకున్నాడు. పెద్ద గ్రేడర్లు పని చేస్తుంటే చూశాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఏటవాలుగా బ్లేడు వేలాడుతుంది. అది మిట్టను కోసి పల్లంలో పోస్తూ పోతుంది.

ముందు కొట్టం కొలిచాడు. ఏడడుగులు. నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి, వాటి మధ్య పని మొదలుపెట్టాడు.

ఇంజను బాగున్న ట్రాక్టరును నడుము దగ్గర కోశాడు. రెండోదాని ముందు చక్రాలను రెండు ఇనుప ఛానళ్ళతో దానికి కలిపి వెల్డింగు పెట్టాడు. గ్రేడరుకు కావలసింది వేగం కాదు, నెమ్మదితో కూడిన బలం. అందుకని రెండు ట్రాక్టర్ల గేరుపెట్టెలనూ ఒకదాని వెనక ఒకటి బిగించాడు. మొదటిది తగ్గించిన వేగాన్ని రెండోది మళ్ళీ తగ్గిస్తుంది. లావుపాటి పాత గొట్టాన్ని నిలువునా చీలిస్తే బ్లేడుకు కావలసిన వంపు దొరికింది. దాని అంచుకు లారీ కమాను పట్టీ బోల్టులతో బిగించాడు. మట్టిని కోసేది ఆ పట్టీయే. బ్లేడును అటూ ఇటూ తిప్పడానికి లారీ చక్రపు రింగు, ఎత్తి దించడానికి రెండు పక్కలా రెండు మర జాకీలు పెట్టాడు.

మొదటిసారి స్టార్టు చేసి ముందుకు గేరు వేస్తే బండి ఠీవిగా వెనక్కి నడిచింది. రెండో గేరుపెట్టె తలకిందులుగా కూర్చుంది.

చూడటానికొచ్చిన బావమరిది, "అచ్చం నీ పోలికే బావా! ముందుకు రమ్మంటే వెనక్కి పోతోంది," అన్నాడు.

"పానా ఇలా ఇవ్వు," అన్నాడు గోడమేస్త్రి.

అది విప్పి తిప్పి బిగించడానికి రెండు రోజులు పట్టింది. అన్నీ కలిపి నలభై రోజులకు గ్రేడరు తయారైంది. ఏడడుగులకు రెండు వేళ్ళు తక్కువ. కొట్టంలోంచి గోడకు గీటు పడకుండా బయటికొచ్చింది. ఆ పూట అతను తలెత్తుకుని నడిచాడు.

ఎండిన మట్టి ఇనుము లాంటిది, బ్లేడుకు లొంగదు. పెద్దవాన పడితే బురదవుతుంది, అదీ లొంగదు. తొలి జల్లుకూ పెద్దవానకూ మధ్య నేల మెత్తబడే నాలుగైదు రోజులే ఆ పనికి అదను. అది తప్పిందంటే వానాకాలమంతా ఆమె తమ్ముడింట్లోనే.

తొలి జల్లు పడ్డ మర్నాడు గ్రేడరును దారిమీదికి దించాడు. మట్టి లేచింది, బ్లేడు వెంట పక్కకు జారింది. అతని ఛాతీ కాస్త పొంగింది. ఒక ఫర్లాంగు పోయి దిగి వెనక్కి చూశాడు. చాళ్ళు పూడాయి, నిజమే. కానీ మిట్టలు పోలేదు. పైగా ఇదివరకు జానెడుకొకటి ఉన్న మిట్ట ఇప్పుడు బారెడుకొకటి అయి, మునుపటికన్నా ఎత్తుగా లేచింది. దారి మొత్తం పెద్ద పెద్ద అలలు. మళ్ళీ నడిపాడు. అలలు ఇంకా నునుపయ్యాయి, ఇంకా ఎత్తయ్యాయి.

పాలబ్బాయి సైకిలు దిగి నడుచుకుంటూ వచ్చాడు. పేరుకు పాలబ్బాయే గాని యాభై దాటిన మనిషి.

"మేస్త్రీ, ఈ దారిలో గతుకులన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలా?"

గోడమేస్త్రి చేతులు తుడుచుకుని బావమరిది ఇంటికి బయల్దేరాడు.

భార్య ముఖం చూడకుండా జరిగింది చెప్పాడు. చెప్పడానికి మాటలు చాలక అరచేయి గాలిలో పైకీ కిందికీ ఆడించాడు. ఆమె కళ్ళు తిప్పి ఆ చేతినే చూసింది.

"నీ బండి పొడవెంత?"

"ఏడడుగులు."

"ఎవర్నడిగి పెట్టావు ఆ పొడవు?"

"కొట్టాన్ని."

"కొట్టం రోడ్డు మీద నడుస్తుందా?" అంటూనే ఆమె తమ్ముణ్ణి కేకేసింది. "ఒరే, నీ బుల్లి చిత్రికా నాన్న పెద్ద చిత్రికా పట్రా. వంకరగా ఉన్న పలక ఏదన్నా ఒకటి తే. నాకు కనబడేలా ఈ ముక్కాలిపీట మీద పెట్టు."

ఆమె కూడా వడ్రంగి కూతురే. పెళ్ళయ్యేదాకా చెక్కపొట్టు మధ్యే పెరిగింది.

తమ్ముడు చెక్కను నునుపుచేసే ఆ జానెడు పొడవు చిత్రికను పలక మీద నడిపాడు. చిత్రిక మిట్ట ఎక్కింది, పల్లంలోకి దిగింది. మిట్ట మీదా పొట్టు లేచింది, పల్లంలోనూ లేచింది. పలక నున్నగా అయింది గాని వంకర పోలేదు. తరవాత పెద్ద చిత్రిక తీసుకున్నాడు. అది మూరకన్నా పొడవు. దాని ముందు కొస ఒక మిట్ట మీద, వెనక కొస ఇంకో మిట్ట మీద ఆనింది. కింద పల్లం ఉన్న సంగతే దానికి తెలియలేదు. మిట్టల తలలను మాత్రం కోసుకుంటూ పోయింది. నాలుగుసార్లు పట్టేసరికి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే చెక్కపొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది.

గోడమేస్త్రి ఆ చెక్కపొరను చేతిలోకి తీసుకున్నాడు. పొట్టిబండి ముందు చక్రాలు మిట్టెక్కితే బ్లేడూ మిట్టెక్కుతుంది. పల్లంలో దిగితే బ్లేడూ దిగి ఇంకా లోతుగా తవ్వుతుంది. రోడ్డును సరిచేయడం మాని రోడ్డు చెప్పినట్టల్లా ఆడుతుంది. అరే, ఇంత చిన్న సంగతి!

"పన్నెండడుగులు ఉండాలి," అన్నాడు.

"కొట్టంలో పట్టదుగా," అంది ఆమె. ఆ గొంతులో ఎగతాళి లేదు. అడుగుతోంది, అంతే.

"పట్టదు."

తిరిగి వచ్చేసరికి జల్లు మళ్ళీ అందుకుంది. పడమటి పక్క మబ్బు నల్లగా దిగుతోంది. వానలో నిలబడి కరెంటు వెల్డింగు పెడితే రోడ్డు కాదు, మనిషే చదునవుతాడు. గ్రేడరును కొట్టంలోకి తోశాడు. గునపం అందుకుని, పన్నెండేళ్ళ కిందట తను కట్టిన వంకర గోడ ముందు నిలబడ్డాడు. మొదటి దెబ్బకే రెండు ఇటుకలు ఊడిపడ్డాయి.

సైకిలు మీద పోతున్న పాలబ్బాయి బ్రేకు వేశాడు. "మేస్త్రీ! మళ్ళీనా?"

"మళ్ళీనే," అన్నాడు. "ఊరికే చూస్తావేం? ఆ ఇటుకలు పక్కకు పెట్టు."

పాలబ్బాయి క్యాన్లు దింపి ఇటుకలు పేర్చాడు. పేరుస్తూ, "ఈసారి వస్తువు చేయకముందే గోడ పడగొడుతున్నావు. తెలివి పెరిగింది," అన్నాడు. గోడమేస్త్రి మూతి కాస్త వంకర పోయింది. అతనికి నవ్వంటే అదే.

ఛానళ్ళు కోసి, కొత్త ముక్కలు అతికి, కింద ఇంకో పట్టీ దన్నుగా పెట్టాడు. బ్లేడును సరిగ్గా మధ్యకు జరిపాడు. స్టీరింగు కడ్డీ పొడవు చాలకపోతే నీళ్ళ గొట్టం ముక్క కలిపాడు. బావమరిది తన పని మానుకుని వచ్చి మూలమట్టం పట్టాడు. అతనికి ఇనుము పని రాదు, కానీ వంకర ఎక్కడున్నా అతని కంటికి ఆనుతుంది. "ఎడమ పక్క నూలుపోగంత దిగింది బావా," అనేవాడు. కొలిస్తే నిజంగానే అంతే దిగి ఉండేది. రెండు పగళ్ళు అలా గడిచాయి. బండి ముక్కు కొట్టంలో, తోక కూలిన గోడ బయట గోనెపట్టా కింద.

మూడో రోజు జల్లు ఆగింది. మబ్బు మాత్రం కదల్లేదు. తెల్లవారగానే గ్రేడరు దారెక్కింది.

ఈసారి అతను వెనక్కి చూడలేదు. బ్లేడు వంకే చూస్తూ నడిపాడు. ముందు చక్రాలు మిట్టెక్కి నాలుగు వేళ్ళు లేస్తే బ్లేడు రెండు వేళ్ళే లేచింది. వెనక చక్రాలు ఎక్కేసరికి బ్లేడు మిట్ట దాటిపోయింది. మట్టి బ్లేడు వంపులో దొర్లుతూ, చుట్టుకుంటూ పక్కకు పడింది. వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఇంకో పక్క. నీళ్ళు నిలవకుండా నడిమధ్య కాస్త ఎత్తు ఉంచి, రెండు పక్కలకూ వాలు ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఎడమ జాకీ మర అరిగి జారడం మొదలుపెట్టింది. చెక్క చీలిక కొట్టి నిలిపాడు. ఆరుసార్లు వెళ్ళాడు, ఆరుసార్లు వచ్చాడు. వెనకాలే బావమరిది వ్యానులో ఇసుకబస్తాలు వేసుకుని, చక్రం పడిన చోటే మళ్ళీ పడకుండా నడుపుతూ మట్టిని అణిచాడు.

సాయంత్రం ఇద్దరూ వెళ్ళి ఆమెను వ్యానులో పరుపు మీద పడుకోబెట్టారు. మరదలు తల పక్కన కూర్చుంది. భార్య రెండు చేతులతో పక్కనున్న కడ్డీ పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"చిన్నగా పోనీరా," అంది తమ్ముడితో.

తారురోడ్డు దిగేముందు భర్త వ్యాను దిగేశాడు. లోపల కూర్చోవడం అతనివల్ల కాలేదు. వ్యానుకు ముందుగా, ముఖం వ్యాను వైపు పెట్టి, వెనక్కి నడుస్తూ ముందు చక్రాలనే చూస్తూ పోయాడు. బావమరిది నవ్వబోయి మానుకున్నాడు. అలా రెండు కిలోమీటర్లు. ఆయాసపడ్డాడు, ఒకచోట కాలు మడతపడింది, ఆగలేదు.

వ్యాను ఆగింది. లోపలినుంచి ఆమె గొంతు కంగారుగా వినిపించింది.

"ఎందుకాపారు? ముందు గొయ్యేమన్నా ఉందా?"

వెనక తలుపు తీశాడు. "ఇల్లొచ్చిందే."

ఆమె తల తిప్పి చూసింది. తన గడప, తన కిటికీ. చేతులు మాత్రం ఇంకా కడ్డీని వదల్లేదు. మరదలు ఒక్కొక్క వేలే విడదీసింది. బావాబావమరుదులు కలిసి పలక మీద ఆమెను లోపలికి చేర్చి మంచం మీద పడుకోబెట్టారు. ఆమె పైకప్పు చూసింది. మూలన బూజు చూసింది. దాని గురించి అనబోయి, మాట మార్చింది.

"మలుపు దగ్గర, రాతికట్ట విరిగిన చోట, ఒకటి తగిలిందయ్యా. నొప్పి లేదులే. తెలిసిందంతే."

"నాకూ తెలిసింది," అన్నాడు. "పది రోజుల్లో మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలిగా."

"అయితే?"

ఆమె తలగడ సర్దించుకునేలోగా అతను గది దాటాడు. బయట గ్రేడరు స్టార్టయిన చప్పుడు, వెంటనే బావమరిది కేక: "బావా, వాన చినుకులు పడుతున్నాయి!" ఆ కేక మీంచే ఇంజను చప్పుడు గేటు దాటి, నెమ్మదిగా మలుపు వైపు సాగింది.