తలగడ కింద కత్తి

యమునకు పిల్ల పుట్టి ముప్పై ఆరు రోజులు. పురిటికి పుట్టింటికొచ్చింది. బిడ్డ పుట్టి ఇంటికి తెచ్చిన నాడే తల్లి దాలమ్మ చేపలు కోసే కత్తి తెచ్చి తలగడ కింద పెట్టింది. బాలింత పక్కన ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరికి రావట. భావనపాడులో అందరూ పెడతారు. ఎందుకని ఎవరూ అడగరు.

పిల్ల ఏడిస్తే పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టుంటుంది యమునకు. పాలిస్తుంది, గుడ్డ మారుస్తుంది. చేతులు తనవి కావు. నిద్ర లేదు, ఏడుపూ రాదు. వచ్చేదల్లా ఒక్క ఆలోచన: ఆ కత్తి, ఈ పిల్ల మెడ. ఈగలా తోలినకొద్దీ వచ్చి అక్కడే వాలుతుంది.

"అమ్మా, ఆ కత్తి తీసీ."

"నోర్ముయ్యే! నలబై రోజులు నిండీదాకా తియ్యకూడదు."

యమునే తీసి వంటింటి చూరులో దోపింది. మధ్యాహ్నానికి మళ్లీ తలగడ కిందే ఉంది. మర్నాడూ అంతే. ఈసారి దాలమ్మ వేపమండ కూడా పెట్టింది. "ఇనుం తీసీమంతన్నది నువ్వు కాదే, నిన్ను పట్టింది!"

ఆ పూటే ఆశా కార్యకర్త ఈశ్వరి, యమునకు వరసకు వదిన, కాటా పట్టుకొచ్చింది. పిల్లను గుడ్డలో వేసి తూచింది.

"నాలుగు కేజీలు! పిల్ల బొద్దుగున్నాది, నువ్వేటే మరదలా, ఎండుసేపలా అయిపోయావు? మా తమ్ముడి మీద బెంగేటి?"

నవ్వుతూ బరువు రాసుకుంది, టీకా తేదీ చెప్పింది, మాత్రలిచ్చింది. నిద్ర పడుతోందా అని అడగలేదు. అడగమని ఆమెకూ ఎవరూ చెప్పలేదు మరి. సంచీ సర్దుకుంది.

"వదినా, ఆ కత్తి నువ్వట్టుకెల్లిపో."

"ఎందుకే?"

"ఉంటే పిల్లని కోసెస్తానేమోనని."

ఇంట్లో ఉప్పు నిండుకుందన్నట్టు చెప్పింది.

దాలమ్మ నోరు బాదుకుంది. "సూసావా! నాన్సెప్పలేదా పట్టిందని!"

ఈశ్వరి నవ్వు ఆగిపోయింది. సంచీ దించి చాప మీద కూర్చుంది.

"దెయ్యం కాదత్తా, జబ్బు. మా పెద్దోడు పుట్టినప్పుడు నాకూ నూతిలో దూకీయాలనిపించీది. ఎవులికీ సెప్పలేదు. సెప్తే నీలాగే అందురు." తలగడ ఎత్తి కత్తి తీసి కాటా సంచీలో వేసుకుంది. "లెగు. పెద్దాసుపత్రికి ఎల్దాం, ఇప్పుడే."

"ఇనుం లేకండా బాలింత గడప దాటకూడదే!"

"అయితే నువ్వు పక్కన కూకో. ఇనుం కంటే గట్టిదానివి."

దాలమ్మ తిట్టుకుంటూనే పిల్లనెత్తుకుని ఆటో ఎక్కింది. యమున ఇద్దరి మధ్యా కూర్చుంది. పిల్ల ఏడుస్తోంది, ఇంకా పక్కింట్లోలాగే. ఆమెకేమీ అనిపించలేదు. తలగడ కింద ఏమీ లేదని మాత్రం తెలుసు.