ఉన్ని చూసే చెయ్యి

కడపలో ఉన్ని బట్టల కొట్టు పెట్టినవాడికి బుద్ధి లేదని అనేవాళ్లకు చంద్రమోహన్ శెట్టి ఎన్నడూ జవాబు చెప్పలేదు. ఊరు ఎండకు మాడినా, ఊరి జనం కాశీకి పోతారు, కేదారం పోతారు, కార్తీకంలో శ్రీశైలం కొండెక్కుతారు, పిల్లల్ని ఊటీ బడుల్లో వేస్తారు. పోయినచోటల్లా చలి ఉంటుంది. ఆ చలే అతని లాభం.

కొట్టు ముందు వరసలో స్వెటర్లు, మఫ్లర్లు, మంకీ టోపీలు. లోపల మెత్తటి మెరినో శాలువాలు, జపం చేసుకోవడానికి కూర్చునే ఉన్ని ఆసనాలు. అటక మీద, నందికొట్కూరు పక్క పల్లె నుంచి ఓబులేసు నేసి తెచ్చే నల్ల కంబళ్లు. వీటన్నిటికన్నా విలువైన సరుకు శెట్టి కుడిచెయ్యి. బట్టను రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి, ఇది అచ్చం ఉన్ని, ఇది ప్లాస్టిక్ పోగుల అక్రిలిక్, ఇది రెండూ కలిపిన మోసం అని తేల్చేసేవాడు. పక్క ఊళ్ల వ్యాపారులు కూడా సరుకు తెచ్చి ముందర పరిచి, "నీ చెయ్యి పెట్టప్పా" అనేవారు. ఆ చెయ్యి పెట్టి చెప్పిన మాటకు రసీదు అక్కర్లేదు. కొట్టు నడిచేదే ఆ మాట మీద.

దసరా దాటాక లూధియానా నుంచి కొత్త సరుకు దిగింది. పై శాలువా తీసి నలిపాడు. ఏమీ తెలియలేదు. ఇంకొకటి నలిపాడు. జారుతున్న ప్లాస్టిక్ కవరును పట్టుకున్నట్టే ఉంది. అక్రిలిక్ పంపి ఉన్ని ధర వేశాడని, వెంటనే ఫోన్ తీసి అవతలి వ్యాపారిని తనకొచ్చిన హిందీలో దులిపేశాడు. ఆ మనిషి పిల్లల మీద ఒట్టేశాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య మధులత, "అరిచేదానికి ముందు ఒక పోగు కాల్చి చూడకూడదా?" అంది.

కాల్చాడు. వెంట్రుకలు కాలిన కంపు గుప్పున కొట్టింది. బూడిద వేలికి తగలగానే పొడైంది. అచ్చం ఉన్ని. శెట్టి తల గోక్కుంటూ, చవక రకం అని పక్కన పెట్టిన దుప్పటిలోంచి ఇంకో పోగు లాగాడు. చేతికి రెండూ ఒకేలా ఉన్నాయి. కాలిస్తే అది మాత్రం కరిగి నల్లటి ముద్దై గట్టిపడింది.

"నిప్పు తప్పు చెప్తాండాదా, నా చెయ్యి తప్పు చెప్తాండాదా?"

"నిప్పుకు నీ మాదిరి షుగరు లేదు కదా," అంది మధులత. "మొన్న కాలి చెప్పు జారిపోతే, అది కూడా తెలీకుండా వీధి చివరిదాకా వట్టి కాలితో పోయినావు. డాక్టరు దగ్గరికి పోదామంటే యాడ వింటావు?"

"చెప్పు వేరే, చెయ్యి వేరే. నోరు ముయ్యి."

ఆ మాట అన్నాడే గాని, లోపల లెక్క కుదరడం లేదు. సరుకు మంచిదైతే చెయ్యి పోయినట్టు. చెయ్యి మంచిదైతే నిప్పు అబద్ధం.

ఆ గందరగోళంలోనే ఓబులేసు కంబళ్ల మూట దించాడు. శెట్టికి ప్రాణం లేచొచ్చింది. ఓబులేసు కంబళి అంటే గొర్రె వీపు మీద నుంచి నేరుగా వచ్చినట్టు గరగర. అది కూడా తెలియకపోతే చూద్దామని ఆత్రంగా నలిపాడు. మెత్తగా ఉంది.

"ఏమప్పా ఓబులేసూ, ఏం కలిపినావు దీంట్లో?"

ఓబులేసు మొహం ఎర్రబడింది. "కలిపేదా? నా గొర్రెలకు అక్రిలిక్ మొలుస్తాదా శెట్టీ? పోయినేడు నువ్వే కదా, పట్నమోళ్లు గట్టిగా ఉండాదంటాండారు అని గునిసినావు? అందుకని చింతగింజల గంజి పెట్టకుండా తెచ్చినా. గంజి లేని కంబళి వాన నీళ్లను ఆపదని మా అమ్మ తిడుతున్నా తెచ్చినా."

శెట్టికి ఊపిరి వచ్చింది. గంజి లేదు, అందుకే మెత్తన. అయితే చెయ్యి బాగున్నట్టే! కానీ లూధియానా శాలువాలకు ఎప్పుడూ గంజి ఉండదే, మరి అవెందుకు చేతికి తెలియలేదు? మళ్లీ మొదటికొచ్చింది.

"ఇంతకీ మెత్తగా ఉండాదా, గుచ్చుతాదా?" అని మెల్లగా అడిగాడు.

"నన్నడుగుతావేమి? చొక్కా తీసి కప్పుకో. మేము కంబళి చూసేది అట్లనే, వట్టి వీపు మీద. వేళ్లతో ఎవరు చూస్తారు?"

కొట్టులో ఫ్యాను తిరుగుతున్నా చెమట కారుతున్న వేళ, శెట్టి చొక్కా విప్పి కంబళి కప్పుకున్నాడు. మెడ మీద వెయ్యి చీమలు పాకినట్టయింది. అదే కంబళిని చేత్తో పట్టుకున్నాడు. ఏమీ లేదు. మెడకు తెలిసింది, చేతికి తెలియలేదు. ఇక ఎటు తిప్పినా లెక్క ఒకటే వస్తోంది.

అప్పుడే వచ్చింది భీమమ్మ, ఏటా ఒక యాత్రకు పోయే పాత గిరాకీ. గడప దగ్గరే నిలబడిపోయింది. "ఏం శెట్టీ, ఇంత ఉక్కలో కంబళి కప్పుకున్నావు? జరమా?"

"సరుకు చూస్తాండాలే. ఏం కావాల?"

"కేదారం పోతాండా. చలికి ఆగే శాలువా ఇయ్యి. నీ చెయ్యి పెట్టి చెప్పు, చాలు."

శాలువా తీసి చేతిలోకి తీసుకున్నాడు. మధులత గల్లాపెట్టె మీద నుంచి చూస్తోంది. ఓబులేసు మూట విప్పడం ఆపి చూస్తున్నాడు. శెట్టి వేళ్లు నలిపాయి, నలిపాయి. నోటిదాకా వచ్చిన "అచ్చం ఉన్ని" అనే మాట బయటికి రాలేదు. అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

"ఇదేందప్పా, అగ్గిపుల్లలు గీసే వ్యాపారి ఎప్పుడైనావు?" భీమమ్మ నవ్వింది. "నీ చేతికి ఏమైంది?"

"నా చేతికేం, బంగారంలా ఉండాది. నా మాట వింటాండావు గాని, నువ్వు ఒక్కసారి కూడా చూసుకోవాల గదా. వాసన చూడు."

భీమమ్మ ముక్కు చిట్లించి, "అబ్బ, జుట్టు కాలిన కంపు! ఉన్నే!" అని సంతోషంగా శాలువా తీసుకుని వెళ్లిపోయింది.

శాలువా గురించి చూపించింది నిజం. చెయ్యి గురించి చెప్పింది అబద్ధం. రెండూ ఒకే బేరంలో పోయాయి. దీన్ని లాభం కింద రాసుకోవాలో నష్టం కింద రాసుకోవాలో శెట్టికి తెలియలేదు. మధులత అగ్గిపెట్టెను గజంబద్ద పక్కన, రోజూ అతని చెయ్యి ఆనే చోట పెట్టింది.

"కంబళి తియ్యి శెట్టీ, మాసిపోతాది," అన్నాడు ఓబులేసు.

"ఉండనీలే కాసేపు."

మెడ మీద అది ఇంకా గుచ్చుతూనే ఉంది. అంత ఉక్కలోనూ అతనికి దాన్ని తీయబుద్ధి కాలేదు.