ఒక్క చెయ్యీ పడని బొమ్మ

మా ఇంట్లో ఆడపిల్లలం ముగ్గురం, నేను ఆఖరిదాన్ని. ఆఖరిదానికి ముద్దు ఎక్కువ అనుకుంటారు జనం. ముద్దు సంగతి నాకు తెలియదు గాని, గౌన్లు మాత్రం పెద్దక్క తొడుక్కుని, చిన్నక్క తొడుక్కుని, చంకల్లో కుట్లు వేయించుకుని నా దగ్గరికి వచ్చేవి. పుస్తకాలూ అంతే. లెక్కల పుస్తకంలో జవాబులన్నీ చిన్నక్క పెన్సిలుతో ముందే రాసిపెట్టి ఉండేది, అందులో సగం తప్పులు. చివరికి కళ్ళజోడు కూడా పెద్దక్క ఫ్రేములోనే అద్దాలు మార్పించి నా మొహానికి తగిలించారు. "నిక్షేపంలాంటి ఫ్రేము, పారేస్తామా?" అంది అమ్మ. అది నా ముక్కు మీద నిలిచిన రోజు లేదు.

నాకీ పిచ్చి అక్కడే పట్టిందనుకుంటాను. కీ ఇస్తే నడిచే పాతకాలపు బొమ్మలు, ఫ్యాక్టరీలో వేసిన టేపు వేసినట్టే ఉన్న పెట్టెల్లోవి కొంటాను. కొని, తెరవను. పడకగది అలమరలో పై అర నిండా పన్నెండు పెట్టెలున్నాయి. టేపు తెగితే బొమ్మ విలువ సగానికి పడిపోతుందని ఇవి పోగుచేసేవాళ్ళందరికీ తెలుసు. నాకు విలువతో పని లేదు. నాకంటే ముందు ఎవరూ ముట్టుకోని వస్తువు ఈ లోకంలో నాకూ ఉంది అన్న మాట చాలు. మా ఆయనకి ఇది బుర్రకెక్కదు. "ఆడుకోవు, కళ్ళారా చూసుకోవు. పోనీ దుమ్మయినా దులుపుతావా అంటే, అదీ నాచేతే దులిపిస్తావు" అంటాడు.

ఇది అర్థమైన మనిషి ఒక్కరే ఉండేవారు. మా ఆస్పత్రిలో కట్ల గది అన్నయ్య.

నేను ఎక్స్‌రే గదిలో పనిచేస్తాను. పదిహేనేళ్ళయింది. నడవాకి అటు పిండికట్లు వేసే కట్ల గది, ఇటు నా గది. విరిగిన చేతులూ కాళ్ళూ ముందు నా బల్ల మీదికి వస్తాయి, ఆ తర్వాత ఆయన బల్ల మీదికి వెళతాయి. నాకు అన్నదమ్ములు లేరు. చేరిన మొదటి వారంలోనే నేను అన్నయ్యా అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నారు. డాక్టరుగారు ఫిల్ము పట్టుకుని తల గోక్కునేలోపు ఆయన గుమ్మంలోంచే చూసి, ఎముక ఎక్కడ చిట్లిందో చెప్పేసేవారు. చెయ్యి కూడా అంత శుభ్రం. ఎముక అతుక్కున్నాక రోగుల ఒంట్లోంచి తీసేసిన స్టీలు ప్లేట్లూ స్క్రూలూ అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవారు. వార్డు తలుపు గడియకీ, నర్సమ్మ కుర్చీ కాలికీ అవే వైద్యం. నా గొడుగు పిడి విరిగితే, వేలి ఎముకకి వేసే నాలుగు స్క్రూల బుల్లి ప్లేటు బిగించి ఇచ్చారు. "ఇక ఇది నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది చెల్లెమ్మా" అన్నారు. ఆ గొడుగు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

పదకొండు గంటల టీ ఇద్దరం ఆయన గదిలోనే తాగేవాళ్ళం. ఒకరోజు నవ్వుతూ అడిగారు, "అసలు ఆ పెట్టెల్లో నీకేం కనిపిస్తుందమ్మా?" అని. గౌన్ల దగ్గర్నుంచి కళ్ళజోడు దాకా అంతా చెప్పుకొచ్చాను. "ఒక్క చెయ్యీ పడని వస్తువు కావాలన్నయ్యా. ఒక్క చెయ్యీ!" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "నాకు తెలుసమ్మా" అన్నారు. కన్నతల్లి అనని మాట. కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాను.

అప్పటి నుంచి ఆయనే నాకోసం వెతకడం మొదలుపెట్టారు. ఫోనులో గంటలు గంటలు వెతికే ఓపిక నాకు లేదు. ఆన్‌లైన్‌లో మంచి బొమ్మ అమ్మకానికి వస్తే నాకు పంపేవారు, నేను కొనేదాన్ని. నాలుగేళ్ళలో అలా ఐదు పెట్టెలు వచ్చాయి.

పోయిన నెలలో ఆరోది పంపారు. మరమనిషి బొమ్మ. ఒళ్ళంతా ఎర్ర ప్లాస్టిక్, లోపల ఇనుప పళ్ళచక్రాలు, వీపున కీ. అమ్మే మనిషి పేరు ఉండాల్సిన చోట 'పాతపెట్టె' అని ఉంది. కింద ఇలా రాశాడు: పెట్టె మూలలు కొత్తవాటిలా ఉన్నాయి, టేపు ఫ్యాక్టరీదే, మరక లేదు, సొట్ట లేదు, ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చాక ఒక్క చెయ్యీ పడని బొమ్మ.

ఆ చివరి మాట మూడుసార్లు చదివాను. నాలాంటి పిచ్చి మనిషి ఇంకొకరు ఎక్కడో ఉన్నారు అనుకుని మురిసిపోయాను. "వదలకు చెల్లెమ్మా, ఇలాంటిది మళ్ళీ దొరకదు" అన్నారు అన్నయ్య. కొత్త ఫ్రిజ్ కోసం దాచింది ఊడ్చిపెట్టి కొన్నాను. మా ఇంట్లో ఉన్నది చిన్నక్క వాళ్ళు మార్చేసిన ఫ్రిజ్‌లెండి. అదింకో రెండేళ్ళు మూలుగుతుందిలే అనుకున్నాను.

పార్సిల్ విప్పగానే నా మొహం వాడిపోయింది. పెట్టెకి ఒక మూల నలిగి లోపలికి పోయింది. అడుగున చెమ్మ ఆరిన మరక, అరచేయంత. టేపు పసుపుపచ్చగా పాతదిలాగే ఉంది గాని అంచు కింద జిగురు తాజాగా మెరుస్తోంది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాను. లోపల ఏదో గలగలమంది.

పాతపెట్టెకి రాశాను. "రాసింది ఒకటి, పంపింది ఒకటి. ఇదేం న్యాయం?" అని. వెంటనే జవాబు వచ్చింది. దారిలో నలిగి ఉంటుందట. లోపల బొమ్మ చెక్కు చెదరలేదట. తెరిస్తే మాత్రం వాపసు తీసుకోడట.

మర్నాడు టీ దగ్గర నేను నిప్పులు కక్కుతుంటే అన్నయ్య ఓపిగ్గా విన్నారు. "పెట్టె నలిగితే నలిగింది, లోపలిది బాగుంటే చాలదా? నువ్వు మాత్రం తెరవకమ్మా. తెరిచావంటే రెంటికీ చెడతావు. నా మాట విను, తెరవకు" అన్నారు. నా మీద ఎంత ఆపేక్ష అనుకున్నాను. ఆ టీ గ్లాసు కూడా నేనే కడిగి పెట్టాను.

ఇంట్లో మా ఆయన నా గొణుగుడు భరించలేక, "పొద్దస్తమానం ఊళ్ళో వాళ్ళ ఒంట్లో ఏముందో చూస్తావు. దాని ఒంట్లో ఏముందో చూడలేవా?" అన్నాడు. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. ఎప్పుడొచ్చినా సిగ్గేసేది. నమ్మి కొన్నదాన్ని ఎక్స్‌రే తీయడం అంటే, ఇంటికొచ్చిన చుట్టం సంచీ వెతికినట్టు. కానీ ఆ గలగల నా చెవిలోంచి పోవడం లేదు. రెండు రోజులు చూసి, భోజనాల వేళ నడవా ఖాళీ అయ్యాక, పెట్టెని చీరకొంగు చాటున పెట్టుకుని నా గదిలోకి పట్టుకెళ్ళి తలుపేశాను.

కంప్యూటరు పేరు చెప్పందే ముందుకు కదలదు. మరమనిషి అని కొట్టాను. వయసు అడిగితే నలభై అన్నాను. పెట్టెని బల్ల మీద పడుకోబెట్టి, అలవాటు కొద్దీ "కదలకండి" అని కూడా అన్నాను. పాపం, బుద్ధిమంతుడు, కదల్లేదు.

తెర మీద బొమ్మ తేలింది. స్ప్రింగు, పళ్ళచక్రాలు, కీ, అన్నీ ఉన్నాయి. ఎడమకాలు మోకాలి కింద అడ్డంగా విరిగి ఉంది. విరిగినచోట బుల్లి ప్లేటు. ప్లేటుకి మూడు స్క్రూలు. నాలుగోది ఊడి పాదం పక్కన పడి ఉంది. గలగలమన్నది అదే. ఎముకయితే పట్టుకుని ఉండేది, ప్లాస్టిక్ పట్టుకోలేదు.

మొదట నాకు నవ్వొచ్చింది. ఎంత పొందిగ్గా అతికించారో అనిపించింది, పని చేసే కళ్ళు కదా. ఆ తర్వాత నా కళ్ళు తలుపు వెనక తగిలించిన గొడుగు మీదికి వెళ్ళాయి. అదే ప్లేటు. అవే గుండ్రటి తలల స్క్రూలు.

రోగులు ఎక్కే మెట్టుబల్ల మీద కూలబడ్డాను. ఇలాంటి ప్లేట్లు లోకంలో ఎన్ని ఆస్పత్రుల్లో లేవు, ఎవరో ఏ మూలో బిగించి ఉంటారు, ఆయన్ని అనుమానిస్తే నా నాలుక పుచ్చిపోతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. కాసేపు ఆ మాట నిలిచింది కూడా. అప్పుడు ఆ రాత గుర్తొచ్చింది. ఒక్క చెయ్యీ పడని బొమ్మ. ఆ మాట నాది. ఆ గదిలో, ఆ టీ గ్లాసుల మధ్య, ఒక్క మనిషితో అన్నాను. అమ్మతో అనలేదు, కట్టుకున్నవాడితో కూడా ఆ తీరున అనలేదు. నా మాటనే కోసి, నాకే ఎరగా వేశాడు. ఇకనుంచి ఆ మనిషిని 'ఆయన' అని మన్నించి రాయడం నా వల్ల కాదు.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఫిల్ము తీశాను.

మర్నాడు పదకొండింటికి, అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, కట్ల గదిలో ఫిల్ములు చూసే లైటుపెట్టెకి దాన్ని తగిలించి స్విచ్చి వేశాను. పక్కన నిలబడ్డాను. మణికట్ల మీద ఎండిన పిండి గోకుకుంటూ వచ్చాడు. అలవాటుగా గుమ్మంలోంచే చూశాడు.

"ఎడమకాలు, మోకాలి కింద. ఒక స్క్రూ ఊడింది. ఎవడు వేశాడో గాని..."

అక్కడ ఆగిపోయాడు.

"ఎవరు వేశారన్నయ్యా?" అన్నాను. "మన ఆస్పత్రి వాళ్ళేనా?"

తలుపు దగ్గరికి వేశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"పాతసామాన్ల కొట్లో దొరికిందమ్మా. కాలొక్కటే విరిగింది, తక్కినదంతా కొత్తదే అనుకో. పెట్టె వేరే చోట దొరికింది. పాడుచెయ్యలేదు, బాగుచేశాను."

"బాగుచేశానని రాస్తే నేను కొననా?"

"కొనవు" అన్నాడు. అది నిజమే. నిజం చెప్పినందుకు ఇంకా మండింది.

"అయినా నువ్వెలాగూ తెరవవు కదా చెల్లెమ్మా" అన్నాడు మెత్తగా, కట్టు వేసేటప్పుడు పిల్లల్ని బుజ్జగించే గొంతుతో. "జన్మలో తెరవవు. నీకు తెలిసేదే కాదు. నీ సంతోషం నీకుండేది, నాకూ నాలుగు రాళ్ళు వచ్చేవి. ఇందులో ఎవరికేం నష్టం, నువ్వే చెప్పు?"

నేను గౌన్ల గురించి చెప్పినప్పుడు గ్లాసు కింద పెట్టి విన్నది ఇందుకన్నమాట. మనసు వింటున్నాడనుకున్నాను. నేను ఏది తెరవనో వింటున్నాడు.

"డబ్బు ఇచ్చేస్తాలే" అన్నాడు.

"డబ్బు సంగతి అడిగానా నిన్ను? ఇది కాక నువ్వు వెతికిచ్చినవి ఐదున్నాయి. అందులో నీవెన్ని?"

మణికట్టు మీద మిగిలిన పిండి మళ్ళీ గోకడం మొదలుపెట్టాడు.

"చెప్పన్నయ్యా." ఆ పిలుపు అలవాటుగా నోట్లోంచి జారింది. నాలుక కొరుక్కున్నాను.

ఇంతలో నర్సమ్మ తలుపు తోసుకుని, మణికట్టు విరిగిన పెద్దావిడని లోపలికి తీసుకొచ్చింది. బతికిపోయినట్టు లేచాడు. బకెట్లో కట్టుగుడ్డ తడుపుతూ, "తర్వాత మాట్లాడుకుందాం చెల్లెమ్మా" అన్నాడు.

"అలా పిలవకు నన్ను" అన్నాను. నర్సమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆ పెద్దావిడ చేతిని మాత్రం అతను ఎప్పటిలాగే, పువ్వుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే పన్నెండు పెట్టెలూ దింపి మంచం మీద పరిచాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, నా మొహం చూసి, వేళాకోళం మానేశాడు. జరిగింది చెప్పాను. "మిగతావి కూడా ఎక్స్‌రే తీసి చూడకూడదూ?" అన్నాడు.

"వద్దు" అన్నాను. "అక్కలు విడిచిన గౌన్లు తొడుక్కున్నన్నాళ్ళూ కనీసం అవి ఎవరివో నాకు తెలిసేది."

వంటింట్లోంచి కత్తెర తెచ్చాను. చేతికందిన పెట్టె తీసుకున్నాను. అది అన్నిటికంటే పాతది, చదువుకునే రోజుల్లో మొదటి స్టైపెండుతో కొట్టుకి స్వయంగా వెళ్ళి కొనుక్కున్న రేకుపిట్ట. అప్పటికి నేనా ఆస్పత్రి మొహం చూడలేదు, ఆ మనిషి ఉన్నాడనే నాకు తెలియదు. దీని మీద అతని చెయ్యి పడే వీలే లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే టేపు కోశాను.

లోపల ఉల్లిపొరలాంటి కాగితం, వేసిన మడత వేసినట్టే ఉంది. కీ దారంతో కట్టి ఉంది, ముడి విప్పలేదు. నీలం రంగు రెక్కల మీద వేలిముద్ర అయినా లేదు. నిజంగానే ఒక్క చెయ్యీ పడలేదు. పడిన మొదటి చెయ్యి నాదే.

"ఎంత బాగుందే!" అన్నాడు మా ఆయన పక్కనుంచి.

నేను దాన్ని వెలుతురు వైపు తిరగేసి పట్టుకుని, కాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాను.