రెండు రోజుల వదిన

సముద్రం ఒడ్డున ఉన్న ఆ విడిది ఊరికి ఇద్దరూ కలిసి వెళ్లాలని రెండేళ్లుగా అనుకున్నారు. తీరా వెళ్లింది ఒక్కరే.

కళ్లద్దాల దుకాణంలో ఇరవై ఆరేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడను అందరూ కళ్లద్దాలావిడ అనే అంటారు. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఆమెకు మిగిలిన స్నేహం పక్క వాటాలో ఉండే టీచరమ్మ ఒక్కతే. సాయంత్రం కలిసి టీ తాగడం, ఆదివారం కలిసి బజారుకు వెళ్లడం, అంతే. సముద్రం చూడాలన్న సరదా టీచరమ్మది. ఈమె చేత సెలవు పెట్టించింది, గది మాట్లాడింది, టోపీలు కూడా కొనిపించింది. ఇంకో నాలుగు రోజులుందనగా టీచరమ్మ కూతురికి నెలలు నిండకుండానే కాన్పయింది.

"నువ్వెళ్లిరావే. నా వంతు కూడా నువ్వే చూసిరా" అంది టీచరమ్మ, సంచిలో బట్టలు కుక్కుకుంటూ.

"ఒక్కదాన్నే వెళ్లి ఏం చేయను?"

"నన్ను తిట్టుకుంటూ తిరుగు. కాలక్షేపం అవుతుంది."

ఆ ఊరంతా కలిపి ఒకటే వీధి. ఒక పక్క ఇసుక, రెండో పక్క దుకాణాలు. గాలి ఊదిన రబ్బరు మొసళ్లు, ఈత దుస్తులు, గవ్వల దండలు, వరసలు వరసలుగా నల్లద్దాలు. అలవాటు కొద్దీ ఒక జత తీసి వెలుగుకు ఎత్తి చూసింది. నాసిరకం. తిరిగి పెట్టేసింది. వీధిలో జనం జంటలుగానో గుంపులుగానో పోతున్నారు. ఎదురొచ్చే ప్రతి గుంపుకూ తనే పక్కకు తప్పుకోవలసి వచ్చేది. అడుగున అద్దం ఉన్న పడవలో పగడపు దిబ్బలు చూపిస్తారని విని వెళితే, పడవవాడు తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కరికోసం పడవ తీయనమ్మా. కనీసం ముగ్గురుండాలి. ఎవరినైనా వెంటబెట్టుకుని రండి."

గదిలో మంచం మీద రెండు తువ్వాళ్లను హంసల్లా మడిచి, ముక్కుకు ముక్కు ఆనించి పెట్టారు. స్నానం చేశాక తుడుచుకోవడానికి ఒక హంసను విప్పక తప్పలేదు. రెండోదాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున వరండాలో కూర్చుంటే, పక్క గది వరండాలో ఒక ముసలాయన కనిపించాడు. ఆయన కళ్లజోడు ఒక చెవి దగ్గర జారిపోయి, ముఖమంతా ఒక వైపుకు ఒరిగినట్టుంది. కళ్లద్దాలావిడ కాసేపు సముద్రం వైపు చూసింది. మళ్లీ ఆ కళ్లజోడు వైపు చూసింది. ఇక ఉండబట్టలేక లేచింది.

"మర వదులైందండీ. ఒకసారి ఇలా ఇవ్వండి."

చేతిసంచిలో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరు తీసి మర బిగించింది. కొంగుతో అద్దాలు తుడిచి, తనే ఆయన ముఖానికి సరిగ్గా పెట్టింది. ఆయన రెప్ప వేయకుండా ఆమెను చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"వదినా! ఎప్పుడొచ్చావు?"

ఆమె నోరు తెరిచేలోపే లోపలి నుంచి ఆయన కూతురు పరుగున వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నిద్ర చాలని కళ్లు. కళ్లద్దాలావిడను మెట్ల దాకా తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్నకి మతిమరుపండీ. మిమ్మల్ని మా పెద్దమ్మ అనుకుంటున్నారు. ఆవిడ పోయి పదకొండేళ్లయింది. కాదంటే కంగారు పడిపోతారు. ఒక్క పూట సరే అనేయండి, మీకు పుణ్యముంటుంది."

"అబద్ధాలాడటం నాకు చేతకాదమ్మా."

"మీరేం చెప్పక్కర్లేదు. అంతా ఆయనే చెప్పుకుంటారు."

నిజమే. ఆయన ఒకప్పుడు వంతెనలు కట్టిన మేస్త్రీ. పునాదుల సంగతులు, వరదల సంగతులు ఏకధాటిగా చెప్పుకుపోయాడు. ఊఁ కొడితే చాలు. మధ్యాహ్నం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

"కూర బాగుంది వదినా. అంటే నువ్వు వండలేదన్నమాట."

"ఏం, నేను వండితే?"

"నువ్వు వండితే సిమెంటు మానేసి అదే వాడేవాళ్లం కదా!"

"మరి మూడుసార్లు అడిగి వడ్డించుకున్నది ఎవరట?"

ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ముసలాయన బల్ల గుద్ది, "అదీ మా వదినంటే!" అన్నాడు. కూతురు చాలాకాలానికి నవ్విన మనిషిలా నవ్వి కళ్లు తుడుచుకుంది. మేడమ్ అనో, ఇదిగో అనో తప్ప ఆమెను ఒక వరస పెట్టి పిలిచినవాళ్లు ఇన్నేళ్లలో లేరు. ఒక్క పూట అనుకున్నది రెండు రోజులయింది. ఆయన పిలవకముందే ఆమె వరండాలోకి వెళ్లి కూర్చునేది.

రెండో రోజు ముగ్గురూ పడవ ఎక్కారు. ఈసారి పడవవాడు మారు మాట్లాడలేదు. అద్దం కింద పసుపుపచ్చ చేపలు గుంపుగా తిరుగుతుంటే, కూతురు పడవ ముందు వైపుకు వెళ్లి ఫోటోలు తీసుకుంటోంది. ముసలాయన వంగి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి మెల్లగా అడిగాడు.

"వదినా, అన్నయ్యకి నా మీద కోపం తగ్గిందా? ఆ సరిహద్దు గోడ గొడవలో నేను నోరు జారాను. తప్పు నాదే."

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు ఇటు తిరగలేదు. ఇంజను చప్పుడుకు ఆ మాటలు వినబడలేదు.

"తగ్గిందయ్యా. ఎప్పుడో తగ్గింది. నువ్వొస్తావనే ఎదురు చూస్తున్నారు" అంది.

ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఒక మంచి పని చేశాననే అనుకుంది కళ్లద్దాలావిడ.

ఒడ్డుకు చేరిన గంటకల్లా కూతురు ఆమె గది తలుపు తట్టింది.

"నాన్నకి ఏం చెప్పారండీ?"

ఆమె జరిగింది చెప్పింది. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

"పెద్దనాన్న బతికే ఉన్నారండీ. గుమ్మం తొక్కొద్దని కబురు చేశారు. రెండుసార్లు నాన్నని తీసుకెళ్లాను, తలుపే తీయలేదు. అదంతా నాన్న మరిచిపోయారు. ఆ ఒక్క మరుపైనా మేలు చేసిందనుకున్నాను. ఇప్పుడు పెట్టె సర్దేశారు. అన్నయ్య దగ్గరికి పదమంటున్నారు."

"నాకు తెలియదమ్మా. ఆయన అలా అడిగేసరికి..."

"మీకెలా తెలుస్తుంది? మీరు మా మనిషి కాదు కదా."

ఆ మాటలో కోపం లేదు. కోపంగా అన్నా బాగుండేది.

"మరి తీసుకెళ్తావా?"

"ఏం చేయమంటారు? మూడోసారి కూడా కొడతాను ఆ తలుపు."

మర్నాడు పొద్దున్నే, అనుకున్నదానికంటే ఒక రోజు ముందుగా వాళ్లు బయలుదేరారు. కళ్లద్దాలావిడ కారు దాకా వెళ్లింది. ముసలాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కళ్లజోడు సరిగ్గానే ఉంది. దానిలోంచి ఆమెను మర్యాదగా చూశాడు.

"ఆ పెట్టె జాగ్రత్తగా పెట్టమ్మా. లోపల గాజు సామానుంది."

విడిదిలో పనిచేసే మనిషనుకున్నాడు. ఆమె పెట్టె ఎత్తి సీటు పక్కన మెల్లగా పెట్టింది. కూతురు "వస్తామండీ" అని చేతులు జోడించింది. ఫోను నంబరు ఈమె అడగలేదు, ఆమె ఇవ్వలేదు. కారు ఆ ఒక్క వీధి చివరిదాకా వెళ్లి, నల్లద్దాల దుకాణం దగ్గర మలుపు తిరిగింది.

ఆమెకింకా ఒకటిన్నర రోజు మిగిలి ఉంది. పక్క గదిలో దుప్పట్లు మార్చారు, మధ్యాహ్నానికి ఇద్దరు పిల్లలతో ఇంకెవరో దిగారు. ఆమె సముద్రంలోకి నడుము లోతు దాకా వెళ్లింది. అల వచ్చినప్పుడల్లా కాళ్ల కింద ఇసుక జారిపోయేది. పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేక, తన చీర కుచ్చిళ్లనే గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆ తలుపు తెరుచుకుందా? అడగడానికి ఆమెకు లోకంలో ఎవరూ లేరు. కాళ్లు తిమ్మిరెక్కేదాకా అక్కడే ఉండి, ఒడ్డుకు వచ్చి, తడి చీరతోనే గదికి నడిచింది.

టీచరమ్మ రెండు వారాలకు తిరిగొచ్చింది. వస్తూనే టీ పెట్టమంది.

"ఎలా ఉందే సముద్రం?"

"పెద్దగా ఉంది" అంది కళ్లద్దాలావిడ. టీచరమ్మ పకపకా నవ్వింది. ఈమె పడవ గురించి, పసుపుపచ్చ చేపల గురించి కూడా చెప్పింది.

"ఒక్కదానివే విసుగనిపించలేదా?"

"లేదులే."

ఎవరైనా పరిచయమయ్యారా అని అడిగితే చెబుదామనుకుని, గ్లాసు చేత్తో పట్టుకుని కాసేపు ఆగింది. టీచరమ్మ అప్పటికే ఫోను తీసి, మనవడి ఫోటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది.