ఏడో ఇల్జా

పెరెరెనన్‌లో సముద్రానికి దగ్గర్లో సుకెర్తి తన కాఫీ హోటలు ఏడింటికి తెరుస్తుంది. అంతకుముందే వాకిలి ఊడ్చి, కొబ్బరాకు దొప్పల్లో పూలూ నాలుగు మెతుకులూ పెట్టి, అగరొత్తి గుచ్చి ఎక్కడివక్కడ ఉంచాలి. గడప ముందొకటి, పొయ్యి దగ్గరొకటి, ఇంటర్నెట్ డబ్బా మీదొకటి. ఆ డబ్బాకి పెట్టకపోతే మధ్యాహ్నానికల్లా అలుగుతుందని ఆవిడ అనుభవం. చివరగా మిగిలిపోయినవాళ్ళకి.

మిగిలిపోయినవాళ్ళంటే, ఒకే కుర్చీలో వారాల తరబడి లాప్‌టాప్ ముందు పనిచేసిన పరదేశీల తాలూకు వాళ్ళు. అసలు మనిషి లేచి వెళ్ళినా, కూర్చున్న మనిషి ఒక్కోసారి లేవదు. ఉతికి ఉతికి రంగుపోయిన చొక్కాలాగా వెలిసిపోయి, లేని లాప్‌టాప్ మీద వేళ్ళు ఆడిస్తూ ఉండిపోతుంది. కాఫీ అడగరు, మాట్లాడరు, నెట్ మాత్రం వాళ్ళూ లాగుతారు. ఊళ్ళో ప్రతి కాఫీ హోటల్లోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. నేల తుడిచేవాళ్ళు వాళ్ళ కాళ్ళ చుట్టూ తుడుచుకుపోతారు. రోజూ దొప్ప పెడితే చాలు, కదలరు.

సుకెర్తి హోటల్లో కిటికీ పక్క కుర్చీలో ఉన్నది ఇల్జాది.

ఇల్జా లాత్వియా నుంచి ఏడు నెలల క్రితం వచ్చింది. నెలకో హోటలు మార్చింది. ఒకచోట నెట్ బాగుంటే కుర్చీ నడుం విరుస్తుంది, ఇంకోచోట కుర్చీ బాగుంటే మీటింగు మధ్యలో కోడిపుంజు కూస్తుంది. అలా మంచి చోటు వెతుక్కుంటూ పోయి, కూర్చున్న చోటల్లా ఒక ఇల్జాని వదిలేసింది. మొత్తం ఏడుగురు. వాళ్ళు పెరిగేకొద్దీ అసలు పిల్ల తేలికైపోయింది. స్కూటరెక్కితే టైరు కుంగదు. ఆర్డరు తీసుకున్నవాడు వంటింటి దాకా వెళ్ళేసరికి మరిచిపోతాడు. ఆఫీసువాళ్ళు "కెమెరా పెట్టుకో ఇల్జా" అంటారు. అది పెట్టుకునే ఉంటుంది.

ఎవరూ ఇల్లు కదలని న్యెపి పండగ రెండు రోజులుందనగా సుకెర్తి దాని బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఎల్లుండి మా ఇంట్లో ఉండు. న్యెపి రోజు దీవి మొత్తం నెట్ కట్టేస్తారు, దొప్పలూ పెట్టం. వీళ్ళంతా లేచి తమ మనిషిని వెతుక్కుంటూ నడుస్తారు. నువ్వు ఒకచోట కుదురుగా ఉంటే నిన్ను చేరతారు."

"లేకపోతే?"

"సముద్రం దాకా నడుస్తారు. అక్కడ కూడా ఆగరు."

ఇల్జా కిటికీ పక్క కూర్చున్న తన వీపు వంక చూసింది. "ఆ రోజే నా మీటింగక్కా. అందులో మెప్పిస్తే ఉద్యోగం పర్మనెంటు. ఏడు నెలల నుంచీ దానికోసమేగా ఈ కుర్చీలన్నీ. పడవెక్కి పక్క దీవి లొంబోక్ పోతాను, అక్కడ నెట్ ఉంటుంది."

"ఉద్యోగం పర్మనెంటవుతుంది సరే. నువ్వో?"

ఇల్జా నవ్వింది. నవ్వు సగమే కనిపించింది.

పండగ ముందురోజు పొద్దున్న ఇల్జా సంచి తగిలించుకుని రేవుకి వెళ్ళిపోయింది. సుకెర్తికి ఆపే తీరిక లేదు. కూడలిలో భూతబలికి వేళైపోతోందని చుట్టాలు కేకలేస్తుంటే, చేతిలో ఉన్న దొప్పలు గబగబా పెట్టేసి, హోటలు మూసి పరుగెత్తింది.

సాయంత్రానికి ఇల్జా తిరిగొచ్చింది.

"పడవవాడు ఎక్కనివ్వలేదక్కా. ఈ పేరుగల మనిషి ఎక్కేసిందన్నాడు. పాస్‌పోర్టు చూపిస్తుంటే నా వెనకవాళ్ళని రమ్మన్నాడు. టాక్సీ ఒక్కటీ ఆగలేదు. కూరగాయల లారీ వెనకెక్కి వచ్చాను, డ్రైవరుకి తెలియను కూడా తెలియదు."

"అంత తేలికైతే అంతేమరి. రా, అన్నం తిను," అంది సుకెర్తి. పైకి జాలిపడింది గానీ, లోలోపల ఆవిడకి సంతోషమే వేసింది.

న్యెపి రోజు దీవిలో పొయ్యి వెలగలేదు, బండి కదలలేదు. కుక్కలు కూడా గొంతెత్తలేదు. పది గంటల ఎండలో వీధిలో అడుగుల చప్పుడు వినబడింది. రోడ్డు మీదికొచ్చినవాళ్ళని ఇళ్ళకి తోలడం సుకెర్తి పిన్ని కొడుకు సుదియర్త పని. నలుపూ తెలుపూ గళ్ళ పంచె కట్టుకుని సందు మొగలో నిలబడ్డవాడు చెయ్యెత్తబోయి, వస్తున్నదెవరో చూసి, చెయ్యి దించి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మొదటి ఇల్జా లోపలికొచ్చింది. వెదురు మంచం మీద కూర్చున్న అసలు ఇల్జా ఒళ్ళో, కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంది. వేళ్ళు ఆగాయి. మంచం కిర్రుమంది.

"చల్లగా ఉందక్కా."

"ఉంటుంది. కదలకు."

సాయంత్రం లోపల ఆరుగురు వచ్చారు, కోడిపుంజు హోటలు ఇల్జాతో సహా. ఆరోది చేరాక ఇల్జా వాకిట్లో అడుగేస్తే తడిమట్టిలో పాదాల అచ్చులు పడ్డాయి. ఆ అచ్చులు చూసుకుని ఏడ్చింది. ఆకలేస్తోందని చల్లన్నం రెండోసారి పెట్టించుకుంది.

"ఏడోది పక్కనే ఉందిగా, అన్నిటికన్నా ముందు రావాలే," అని సుకెర్తి వెనక తలుపు తీసి హోటల్లోకి వెళ్ళింది. కుర్చీలన్నీ ఖాళీ. ప్రతి కుర్చీ ముందూ నిన్నటి దొప్ప వాడి ఉంది. కిటికీ పక్క కుర్చీ ముందు మాత్రం ఏమీ లేదు.

తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడింది. "నిన్న తొందరలో దానికి దొప్ప పెట్టలేదు ఇల్జా. నిన్ననే లేచి వెళ్ళింది, నీ పేరున పడవెక్కింది అదే. తప్పు నాది."

"మీటింగులో చెప్పాల్సినవన్నీ నెలంతా ఆ కుర్చీలోనే వల్లెవేశానక్కా," అంది ఇల్జా.

మర్నాడు ఆరింటికి నెట్ వచ్చింది. వెంటనే ఆఫీసు నుంచి కబురు. 'నిన్న అద్భుతంగా చెప్పావు. ఇన్నాళ్ళకి నీ మొహం చూశాం. ఉద్యోగం ఖాయం. సోమవారం ఇక్కడ రీగా ఆఫీసులో కలుద్దాం.' ఇల్జా జవాబు రాయబోయింది. మీరు ఇప్పటికే వేరే చోట పనిలో ఉన్నారని తెర మీద వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించి లాప్‌టాప్ మూసేసింది.

"మరి నేనెవర్నక్కా ఇప్పుడు?"

"నువ్వు ఆరుగురివి. చాలామంది అంతమంది కూడా ఉండరు," అని సుకెర్తి దాని ముందు కొబ్బరాకులూ కత్తీ పెట్టింది.

ఇల్జా చేసిన మొదటి దొప్ప వంకర పోయింది. దాన్నే తీసుకెళ్ళి కిటికీ పక్క ఖాళీ కుర్చీ ముందు పెట్టి, అగరొత్తి వెలిగించింది.

"అది వెళ్ళిపోయిందిగా," అంది సుకెర్తి.

"వెళ్ళినచోటే కుదురుగా ఉండాలని."

ఏడింటికి హోటలు తెరిచారు. లాప్‌టాప్ సంచీతో కొత్తావిడెవరో వచ్చి, లోపలంతా పరికించి, కిటికీ పక్క కుర్చీ లాగబోయింది.

"ఇక్కడ ప్లగ్గుందా?"

"ఉంది," అంది ఇల్జా, "కానీ అక్కడ మనిషి ఉంది."